పదోవంతు స్టార్‌గేట్: అసలు గేటు రూల్స్ తప్పకుండా పనిచేసే నమూనా, విశాఖలో దొరికే సామాన్లతో

స్టార్‌గేట్ అంటే అదే పేరుతో వచ్చిన సినిమా, సీరియళ్లలో గుర్తులతో చిరునామా డయల్ చేస్తే ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి దాటించే గుండ్రటి ద్వారం. దాని అభిమానులు కట్టే నమూనాల్లో చాలావాటికి ఒకటే లోపం: ఏ మీట నొక్కినా తెరుచుకుంటాయి. తెరమీది గేటుకి అంత మంచితనం లేదు. చిరునామా తప్పితే తెరుచుకోదు. అవతలి గేటు వాడుకలో ఉంటే కలవదు. తెరుచుకున్నా 38 నిమిషాలకి మించి నిలవదు. వచ్చిన దారిన వెనక్కి పోనివ్వదు. 1997 నుంచి 2007 దాకా పది సీజన్లు, 214 ఎపిసోడ్లు నడిచిన ఎస్‌జీ-1 సీరియల్ కథల్లో మలుపులు చాలావరకు ఈ "కుదరదు"ల నుంచే పుట్టాయి. కాబట్టి ఇక్కడ కట్టబోయే నమూనాకి లైట్ల కంటే ముందు కుదరదనడం నేర్పాలి. చెక్కపని, వైరింగు, ప్రోగ్రాము మూడూ ఆ లెక్కలోనే సాగుతాయి.

కొలతలు, షీటు

సీరియల్ లెక్క ప్రకారం గేటు బయటి వ్యాసం 22 అడుగులు, అంటే 6.7 మీటర్లు. బరువు 64,000 పౌండ్లు, సుమారు 29 టన్నులు. నాక్వాడా అనే కల్పిత ఖనిజంతో ప్రాచీనులు అనే కల్పిత జాతి పోత పోసింది. మనం పదోవంతు తీసుకుంటే 67 సెంటీమీటర్లు. డైనింగ్ టేబుల్ మీద నిలబడుతుంది, ఆటోలో వెనక సీటు మీద పడుతుంది.

67 సెం.మీ. అనగానే మొదటి చిక్కు వస్తుంది. 2 అడుగులంటే 61 సెం.మీ.లే కాబట్టి 4×2 అడుగుల షీటులో ఈ చక్రం పట్టదు. చిన్న లేజర్ కటింగ్ షాపుల్లో బెడ్డు 2×3 అడుగులే ఉంటే అక్కడా అదే గొడవ. డిజైను ఇచ్చేముందు బెడ్డు సైజు అడగండి. గాజువాక ఆటోనగర్‌లోనో, డాబాగార్డెన్స్ చుట్టుపక్కల సైన్‌బోర్డులు చేసేవాళ్ల దగ్గరో 4×3 గానీ 8×4 గానీ మెషిను వెతుక్కోవచ్చు. దొరక్కపోతే ప్రతి చక్రాన్నీ 120 డిగ్రీల మూడు ముక్కలుగా కోయించి, ఒక పొర అతుకు మీద ఇంకో పొర అతుకు పడకుండా 60 డిగ్రీలు జరిపి అంటించాలి.

షీటు ఏది? ఎండీఎఫ్ చవక, కానీ సముద్రపు గాలికి అంచులు ఉబ్బుతాయి. గేరు పళ్లు ఒక్క వర్షాకాలంలోనే బిగుసుకుపోతాయి. ఎండీఎఫ్ తప్పదనుకుంటే కోసిన అంచులన్నిటికీ రెండు కోట్లు సీలర్ పట్టించాల్సిందే. యాక్రిలిక్ మేలు. సైన్‌బోర్డుల వాళ్లు వాడే పీవీసీ ఫోమ్ షీటు కూడా బాగుంటుంది, కాకపోతే దాన్ని రౌటర్ మెషిను మీదే కోయించాలి. పీవీసీని లేజర్‌తో కాలిస్తే క్లోరిన్ కలిసిన విషవాయువు వస్తుంది. మనిషికీ హాని, మెషినుకీ హాని. తెలిసిన షాపువాళ్లు ఎలాగూ ఒప్పుకోరు.

కోయించాల్సినవి ఇవి:

- వెనక పలక: బయట 67, లోపల 43 సెం.మీ., మందం 6 మి.మీ.
- ముందు స్థిర చక్రం (V ఆకారపు లాకులు, అంటే చెవ్రాన్లు, దీని మీదే): బయట 67, లోపల 56.4 సెం.మీ., మందం 3 మి.మీ.
- గుర్తుల చక్రం: బయట 56, లోపల 43 సెం.మీ., 3 మి.మీ.
- దాని వెనక బేరింగుల మీద తిరిగే పొర: అవే కొలతలు, 6 మి.మీ.
- దాని వెనక గేరు పొర: 234 పళ్లు, మాడ్యూల్ (పంటి సైజు) 2, లోపల 43 సెం.మీ., 6 మి.మీ.
- మోటారు గేరు: 24 పళ్లు, మాడ్యూల్ 2

చివరి మూడు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఒకే చక్రంగా తిరుగుతాయి. వాటిని మొయ్యడానికి 608 నంబరు బేరింగులు ఆరు, వెనక పలకకి 60 డిగ్రీలకొకటి చొప్పున 8 మి.మీ. బోల్టులతో బిగించాలి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. మామూలు ఇనుపవి బీచ్‌రోడ్డు దగ్గర ఇళ్లలో నెలల్లోనే తుప్పుపట్టి, ఆ పొడి బేరింగులోకి దిగుతుంది.

234, 24 ఎందుకు

పాలపుంత గేటు మీద 39 గుర్తులుంటాయి: 38 నక్షత్రరాశులు, ఒకటి ఆ గ్రహానికే చెందిన బయల్దేరే చోటు. అంటే గుర్తుకీ గుర్తుకీ మధ్య 360/39 డిగ్రీలు, 9.2308. దీన్ని 9.2గా సర్దేస్తే చక్రం చుట్టి వచ్చేసరికి 1.2 డిగ్రీలు తేడా పోగై, ఆఖరి గుర్తు పక్కకి పోతుంది. స్కేలూ కోణమానినీ పట్టుకుని గీయకుండా కంప్యూటర్లో 39 భాగాలుగా పంచమనండి.

మామూలు నెమా 17 స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకి 200 అడుగులు (స్టెప్పులు) వేస్తుంది. 234ని 24తో భాగిస్తే 9.75. 200 × 9.75 = 1950. దాన్ని 39తో భాగిస్తే సరిగ్గా 50. అంటే ఒక గుర్తుకి 50 అడుగులు, శేషం లేదు. చాలామంది కంటికి నచ్చిన నిష్పత్తి పెట్టి తర్వాత ప్రోగ్రాములో దశాంశాలు సర్దుకుంటారు. పది చిరునామాలు డయల్ చేసేసరికి చక్రం తప్పిపోతుంది. లెక్క గేరులోనే తెగిపోతే ప్రోగ్రాముకి ఆ పని ఉండదు. డ్రైవరును ఎనిమిదోవంతు మైక్రోస్టెప్పులో పెడితే గుర్తుకి 400 పల్సులు. మోత తగ్గుతుంది, చక్రం సాఫీగా కదులుతుంది.

రెండు గేర్ల కేంద్రాల మధ్య దూరం 258 మి.మీ. మోటారు బోల్టు రంధ్రాల్ని గుండ్రంగా కాక పొడుగ్గా కోయించుకుంటే ఒక మిల్లీమీటరు అటూ ఇటూ జరిపి పట్టు సరిచూసుకోవచ్చు. మరీ బిగిస్తే ఒక చోట పట్టేస్తుంది, మరీ వదిలితే పళ్లు దాటేస్తాయి. మడతపెట్టిన కాగితం పళ్ల మధ్య నలగకుండా దూరేంత సందు చాలు.

చెవ్రాన్ల వరస

తొమ్మిది చెవ్రాన్లు, 40 డిగ్రీలకొకటి. చిరునామాకి ఏడే కాబట్టి అడుగున ఉన్న రెండూ మామూలుగా వెలగవు. పైనుంచి గడియారం తిరిగే దిశలో కుడివైపు మూడు (40, 80, 120 డిగ్రీల దగ్గర), అడుగు రెండూ వదిలి ఎడమవైపు మూడు (240, 280, 320), ఏడోది నడినెత్తిన. ఎనిమిదో గుర్తు వాడేటప్పుడు అడుగున ఒకటి కలుస్తుంది గానీ, ఆఖరి గుర్తు ఎప్పుడూ పైదే.

ఇంకో సంగతి డ్రాయింగ్ వేసేటప్పుడు బయటపడుతుంది. 40 డిగ్రీల్లో 9.23 సరిగా ఇమడదు. పైన ఒక గుర్తు సరిగ్గా కూర్చున్నప్పుడు 120, 240 డిగ్రీల దగ్గర చెవ్రాన్ల కింద మాత్రమే గుర్తులు సరిపడతాయి, మిగతా ఆరింటి కిందా మూడోవంతు పక్కకి జరిగి పడతాయి. డ్రాయింగు తప్పిందేమోనని కంగారు పడకండి. గుర్తును చదివేది పై చెవ్రాన్ ఒక్కటే, మిగతావి అది చదివిన దాన్ని వెలుగుతో చూపిస్తాయి. తెరమీదా అంతే: గుర్తు పైకి రాగానే పై చెవ్రాన్ తెరుచుకుని మూసుకుంటుంది, తర్వాత దాని వంతు చెవ్రాన్ వెలుగుతుంది.

చిరునామా అంటే ఏమిటి

ఆరు గుర్తులు అంతరిక్షంలో ఆరు బిందువులు. ఎదురెదురు బిందువుల్ని కలిపితే మూడు గీతలు, అవి ఖండించుకునే చోటే గమ్యం. ఏడోది మనం ఎక్కడినుంచి బయల్దేరుతున్నామో చెబుతుంది. నిజానికి రెండు గీతలు ఖండించుకుంటేనే బిందువు తెలుస్తుంది, మూడోది సరిచూసుకోవడానికి అనుకోవాలి.

ఇందులో పెద్ద చిల్లు ఒకటుంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. నక్షత్రరాశి ఒక బిందువు కాదు. చలికాలం రాత్రి భీమిలి వైపు చీకట్లో నిలబడి చూస్తే ఒరాయన్ మొత్తం ఒకే పలక మీద చుక్కలు పెట్టినట్టుంటుంది. అందులో బెల్లాట్రిక్స్ సుమారు 250 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, రైజెల్ 860 చుట్టుపక్కల ఉంది. ఆ ఆకారం భూమి మీదినుంచి చూసేవాళ్లకే. వేరే గ్రహంవాళ్ల గేటు మీద మన ఒరాయన్ ఎందుకుంటుందనే ప్రశ్నకి సీరియల్ దగ్గర గట్టి జవాబు లేదు. గుర్తుల్ని ఫోను నంబర్లో అంకెల్లా తీసుకుంటే మాత్రం అంతా పొసుగుతుంది, నమూనాకి అది చాలు.

పరీక్ష కోసం అబిడాస్ అనే గ్రహం చిరునామా వాడండి: వృషభం, సెర్పెన్స్ తల, మకరం, మోనోసెరస్, ధనుస్సు, ఒరాయన్, ఆఖరున భూమి గుర్తు. 1994 సినిమాలో అబిడాస్ విశ్వం అవతలి కొసన ఉంది. సీరియల్‌కి వచ్చేసరికి దాన్ని భూమికి అతి దగ్గరి గేటుగా మార్చారు. ఆ మార్పు దండగ కాలేదు. వేల ఏళ్లలో నక్షత్రాలు కదిలిపోవడంతో పాత చిరునామాలు తప్పాయని, దగ్గరిది కాబట్టి అబిడాస్ ఒక్కటీ కలిసిందని మొదటి ఎపిసోడ్‌లోనే కారణం చెప్పగలిగారు. డీహెచ్‌డీ (గేటు ముందుండే డయలింగు మీటల బల్ల) ఉన్న గేట్లు ఈ కదలికల్ని తమలో తామే సరిచేసుకుంటాయి. షయాన్ పర్వతం కింద ఉన్న భూమి గేటుకి డీహెచ్‌డీ లేక, ఆ లెక్క కంప్యూటర్‌తో వేశారు.

ఒక గుర్తు రెండోసారి రాకుండా ఆరు గుర్తుల్ని 38లోంచి వరసగా ఎంచితే 198 కోట్ల 76 లక్షల 90 వేల 320 చిరునామాలు. నమూనాలో పది చెల్లేవి రాసిపెట్టుకుంటే చాలు, మిగతావన్నీ తప్పు చిరునామాలే.

వైరింగు

ఆర్డ్వినో మెగా అనే కంట్రోలర్ బోర్డు ఒకటి. అందులోనే చిన్నదైన ఊనో కుదరదు, దాని పిన్నుల్లో చాలావరకు డీహెచ్‌డీకే అయిపోతాయి. డీహెచ్‌డీ మీద రెండు వరసలు, వరసకి 19 మీటలు, మధ్యలో ఎర్రటి గుబ్బ. గేటు మీద 39 గుర్తులుంటే ఇక్కడ 38 మీటలేమిటన్నది అభిమానుల పాత తగాదా. నమూనాలో భూమి గుర్తుకి వేరే మీట పెట్టకుండా, గుబ్బ నొక్కగానే అదే చేరేలా రాసుకుంటే తగాదా తీరిపోతుంది. 38 మీటల్ని 6×7 గడులుగా కలిపితే 13 వైర్లు. ఒకసారి ఒకే మీట నొక్కుతాం కాబట్టి డయోడ్లు అక్కర్లేదు.

మోటారుకి 12 వోల్టులు 3 ఆంపియర్ల సప్లై, ఏ4988 గానీ నిశ్శబ్దంగా నడిచే టీఎంసీ2208 గానీ డ్రైవరు. చక్రం వెనక చిన్న నియోడిమియమ్ అయస్కాంతం, పలక మీద ఆ అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్. ప్రతి డయలింగు మొదట్లో చక్రం ఈ సెన్సర్ దగ్గరికొచ్చి తన స్థానం తెలుసుకోవాలి. ఎవరైనా చేత్తో తిప్పి వదిలేసినా అప్పుడు ఇబ్బంది ఉండదు.

లైట్లకి డబ్ల్యూఎస్2812బీ స్ట్రిప్పు, మీటరుకి 60 ఎల్‌ఈడీలది. చెవ్రాన్‌కి మూడు చొప్పున 27, లోపలి అంచు చుట్టూ 135 సెం.మీ.కి 81, మొత్తం 108. అన్నీ పూర్తి తెలుపులో వెలిగితే ఒక్కోటి 60 మిల్లీ ఆంపియర్లు, మొత్తం దాదాపు ఆరున్నర ఆంపియర్లు. 5 వోల్టులు 10 ఆంపియర్ల సప్లై పెట్టి, స్ట్రిప్పుకి రెండు చివర్లా కరెంటు ఇవ్వండి. ఒక చివరే ఇస్తే రెండో చివర వోల్టేజీ పడి ముందు నీలం చచ్చిపోతుంది. నీళ్లలా ఉండాల్సిన ద్వారం ఒక పక్క చామనఛాయకి తిరుగుతుంది. సప్లై దగ్గర 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్, డేటా వైరులో 470 ఓమ్‌ల రెసిస్టర్, రెండు సప్లైలకీ ఆర్డ్వినోకీ గ్రౌండు ఒకటే. గ్రౌండు కలపడం మరిస్తే లైట్లు పిచ్చిపట్టినట్టు మినుకుతాయి.

మోటారూ గేర్లూ వద్దనుకునేవాళ్లకి దగ్గరి దారి స్టార్‌గేట్ అట్లాంటిస్ సీరియల్‌లోని పెగాసస్ గెలాక్సీ గేటు. దాని మీద 36 గుర్తులే, చక్రం తిరగదు, వెలుగే తిరుగుతుంది. పది డిగ్రీలకొక ఎల్‌ఈడీ పెడితే సగం పని అయినట్టే.

కుదరదు అనడం నేర్పడం

ప్రోగ్రాములో గేటుకి ఐదు స్థితులుంటే చాలు: ఖాళీ, డయలింగు, తెరుచుకోవడం, బయటికి తెరిచి ఉండటం, లోపలికి తెరిచి ఉండటం. ఏ స్థితిలో ఏది కుదరదో ముందు రాయండి.

తప్పు చిరునామాకి గేటు మొదటి గుర్తు దగ్గరే మొరాయించకూడదు. ఆరు చెవ్రాన్లు చక్కగా లాక్ అవుతాయి, ఏడోది అవదు. సీరియల్ చూసినవాళ్లు ఊపిరి బిగబట్టేది అక్కడే. ఏడో దగ్గర చక్రం ఆగి, పై చెవ్రాన్ తెరుచుకుని, ఏమీ వెలక్కుండా మూసుకుని, ఒక సెకను తర్వాత ఆరూ ఒకేసారి ఆరిపోవాలి. అవతలి గేటు బిజీ అయినా ఇదే తీరు. సొంత గ్రహం చిరునామాకీ ఇదే: మొదటి సీజన్‌లో అంటార్కిటికా మంచులో ఇరుక్కున్న ఇద్దరికీ భూమి ఎంతకీ కలవదు, ఎందుకంటే వాళ్లున్నది భూమి మీదే.

వచ్చిన గుర్తు మళ్లీ నొక్కితే మీట పలక్కూడదు. లోపలికి తెరిచి ఉన్నప్పుడు డీహెచ్‌డీ మొత్తం మూగబోవాలి, ఎందుకంటే అవతలినుంచి తెరిచిన వర్మ్‌హోల్‌ని (రెండు గేట్లని కలిపే దారిని) ఇవతలివాళ్లు మూయలేరు. వాళ్లకున్న ఏకైక రక్షణ ఐరిస్. ఈవెంట్ హొరైజన్‌కి, అంటే నీటి తెరలా కనబడే ద్వారానికి, 3 మైక్రోమీటర్ల లోపు దూరంలో ఉండే లోహపు మూత అది. వచ్చే పదార్థం మళ్లీ రూపు కట్టడానికి చోటివ్వదు. దీన్ని నిజంగా రెక్కలతో కట్టడం వేరే ప్రాజెక్టంత పని. మొదటి నమూనాలో అంచు లైట్లు బూడిదరంగుకి మారేలా ఒక స్విచ్చు పెట్టి ఊరుకోవడం తెలివి.

తెరుచుకునేటప్పుడు ముందుకి ఉబికే నీటి కెరటం లాంటిది తగిలినదాన్ని తగిలినట్టు మాయం చేస్తుంది. అర సెకను పూర్తి తెలుపు, తర్వాత ఒకటిన్నర సెకన్లలో నీలానికి దిగడం సరిపోతుంది. ఆ రెండు సెకన్లలో ద్వారంలో ఏదైనా ఉంటే దాన్ని చేరినట్టు కాక పోయినట్టు లెక్కించండి.

చక్రం తిరుగుతుండగా లైట్లు మార్చకండి. 108 ఎల్‌ఈడీలకి సమాచారం పంపడానికి 3 మిల్లీసెకన్ల పైన పడుతుంది, అంతసేపూ ఆర్డ్వినో వేరే పని చూడదు. చక్రం 20 సెకన్లకి ఒక చుట్టు తిరిగే వేగంలో మోటారుకి 1.3 మిల్లీసెకన్లకొక పల్సు కావాలి. మధ్యలో రెండు మూడు ఆలస్యమైతే చక్రం జర్కు ఇస్తుంది, ఒక్కోసారి అడుగు తప్పుతుంది. లాక్ అయ్యాక చక్రం ఆగి ఉన్నప్పుడే చెవ్రాన్ వెలిగించండి, తెరమీది క్రమమూ అదే.

దాటడం: మొత్తం లోపలికి వెళ్తేనే

గేటు వస్తువును శక్తిగా మార్చి, బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) దాచి, అంతా చేరాకే అవతలికి పంపుతుంది. సగం దూరినది సగం అవతల తేలదు. అట్లాంటిస్ మొదటి సీజన్‌లో జంపర్ అనే చిన్న అంతరిక్ష ఓడ ముడుచుకోని ఇంజన్ల దగ్గర గేటులో ఇరుక్కుపోతుంది. ముందు భాగం బఫర్‌లో, వెనక భాగం అంతరిక్షంలో. గేటు మూసుకునేలోపు మొత్తం లోపలికి తోయడమే ఆ కథంతా. విశాఖ లెక్కలో చెప్పాలంటే, ఆర్కే బీచ్‌లోని కుర్సుర జలాంతర్గామి 91.3 మీటర్ల పొడవు. తోక చివర కూడా దాటాకే దాని ముక్కు అవతల కనిపిస్తుంది. కాకపోతే దాని వెడల్పు 7.5 మీటర్లు, గేటు బయటి కొలతే 6.7, కాబట్టి ఆ ముచ్చట తీరదు.

నమూనాలో దీనికి ఐఆర్ బ్రేక్‌బీమ్ సెన్సర్లు (కంటికి కనబడని కిరణానికి ఏదైనా అడ్డొస్తే చెప్పేవి) రెండు జతలు కావాలి, కనీసం 50 సెం.మీ. రేంజివి. ఒకటి ద్వారానికి 6 సెం.మీ. ముందు, రెండోది 12 సెం.మీ. వెనక. ముందుది తెగి, తర్వాత వెనకది తెగి, చివరికి రెండూ తెరుచుకుంటేనే "చేరింది". వెనకది ముందు తెగితే ఎవరో ఎదురు దారిలో వస్తున్నట్టు, అప్పుడు అంచు ఎర్రబడాలి. రేడియో తరంగాలు మాత్రం రెండు వైపులా వెళ్తాయి. అవతల చిక్కుకున్నవాళ్లు ఇవతలికి మాట్లాడగలిగినా రాలేకపోవడం ఈ ఒక్క రూల్ వల్లే.

ద్వారం కనబడటానికి మంటపాల డెకరేషన్‌కి వాడే తెల్ల నెట్ బట్టను 2 సెం.మీ. పట్టీలుగా కోసి పైనుంచి వేలాడదీయండి, ఇరవై పట్టీలు సరిపోతాయి. అంచు వెలుగు వాటి మీద పారి నీటి తెరలా కదులుతుంది. బొమ్మ జీపు తోసినప్పుడు పట్టీ ఊగి వెనక బీమ్‌కి అడ్డం పడుతుంది కాబట్టి, "తెరుచుకుంది" అని ఒప్పుకోవడానికి బీమ్ ఒకటిన్నర సెకన్లు ఖాళీగా ఉండాలని రాయండి. ఫ్యాను ఆపండి. మధ్యాహ్నం ఎండ సూటిగా పడే కిటికీ ఎదుట ఐఆర్ సెన్సర్లు గుడ్డివైపోతాయి.

38 నిమిషాల గడియారం

ఎంత కరెంటున్నా వర్మ్‌హోల్ 38 నిమిషాలకి మించి నిలవదు. మినహాయింపులకి అసాధారణమైన శక్తి కావాలి. రెండో సీజన్‌లో అవతలి గ్రహం పక్కన కృష్ణబిలం ఉండటంతో గేటు మూసుకోక, చివరికి పేలుడుతో దాన్ని వేరే గేటుకి దూకించాల్సి వచ్చింది.

మన గడియారం రెండు చోట్ల మోసం చేస్తుంది. ఆర్డ్వినోలో 38×60×1000 అని రాస్తే అది 16 బిట్ల లెక్క, 32,767 దాటగానే తిరగబడుతుంది. గేటు ఏ కొద్ది సెకన్లకో మూసుకుంటుంది, లేదా ఎన్నటికీ మూసుకోదు. 2280000 అని నేరుగా రాసి చివర యూఎల్ అక్షరాలు తగిలించండి. రెండోది కనిపెట్టడం కష్టం: లైట్లకి సమాచారం పంపిన ప్రతిసారీ గడియారం సుమారు 2 మిల్లీసెకన్లు మరిచిపోతుంది. సెకనుకి 30 సార్లు నీలాన్ని కదిలిస్తే సెకనుకి 60 మిల్లీసెకన్లు మాయం, 38 నిమిషాలు కాస్తా 40 దాటుతాయి. డీఎస్3231 గడియారం మాడ్యూలు ఒకటి కలిపి సమయం దాన్నుంచే తీసుకుంటే ఈ బాధ లేదు.

ఎనిమిదో గుర్తు

వేరే గెలాక్సీకి ఎనిమిది గుర్తులు, ఎస్‌టీడీ కోడ్‌లాగా. దానికి మామూలు కరెంటు చాలదు. పెగాసస్ గెలాక్సీలోని అట్లాంటిస్ నగరానికి వెళ్లడానికి జీరో పాయింట్ మాడ్యూల్ అనే మహాశక్తి వనరు కావాల్సి వచ్చింది. నమూనాలో తాళంచెవితో తిరిగే స్విచ్చు పెట్టి, చెవి తిప్పకపోతే ఏడు లాక్ అయి ఎనిమిదో దగ్గర ఆగిపోయేలా రాయండి. తొమ్మిది గుర్తుల చిరునామా స్టార్‌గేట్ యూనివర్స్ సీరియల్‌లో డెస్టినీ ఓడకి మాత్రమే. దాన్ని రహస్యంగా ఒకే ఒక్క చిరునామాగా దాచుకోవచ్చు.

చివరి పరీక్షలు, ఈ వరసలోనే

చక్రాన్ని చేత్తో ఎటో తిప్పి అబిడాస్ డయల్ చెయ్యండి, ఏడూ లాక్ కావాలి. అదే చిరునామాలో ఒక గుర్తు మార్చండి, ఏడో దగ్గర ఆగాలి. తెరిచి ఉండగా వెనకనుంచి చెయ్యి పెట్టండి, ఎర్రబడాలి. స్కేలును సగం దాకా దూర్చి అలాగే పట్టుకోండి, "చేరింది" అనకూడదు. తెరిచి ఉండగా ప్లగ్గు పీకి మళ్లీ పెట్టండి, గేటు మూసి ఉన్న స్థితిలో లేచి, చక్రం సెన్సర్ దగ్గరికి వెళ్లాలి. ఆఖరున ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి ఒకసారి పూర్తి 38 నిమిషాలు వదిలెయ్యండి. రెండు మూడు సెకన్ల తేడా పరవాలేదు, నిమిషాల తేడా వస్తే సమయం ఇంకా ఆర్డ్వినో గడియారం నుంచే వస్తోందన్నమాట.